డోలీలో పడుకున్న మనిషిని అడగండి

ముప్పై రెండేళ్ళకే రిటైరయ్యానంటే మీరు నవ్వుతారని తెలుసు. పెన్షన్ లేదు, శాలువా కప్పి సన్మానం చేసినవాళ్ళూ లేరు. పాప పుట్టింది, కొండలెక్కే ఉద్యోగం మానేశాను. మా సంస్థలో కొత్తగా ఇద్దరమ్మాయిలు చేరారట. వాళ్ళకి పనికొచ్చేలా నాలుగు మాటలు రాసిమ్మని ఆఫీసునుంచి ఉత్తరం వచ్చింది. పాపకి ఏడో నెల. అది పడుకున్నాకే నాకు తీరిక, కాబట్టి ముక్కలు ముక్కలుగా రాస్తున్నాను. ఒక పేరాకీ ఇంకో పేరాకీ మధ్య అతుకు కనిపిస్తే, అక్కడ లేచి వెళ్ళి దాని ఊపిరి చూసి వచ్చానని అనుకోండి.

ప్రాజెక్టు రిపోర్టులు మీకు బీరువాలో దొరుకుతాయి. వాటిలో రాయనిది ఇక్కడ రాస్తాను.

పని ఏమిటంటే

అరకు దాటి పెదబయలు, జి.మాడుగుల వైపు కొండల్లో, ప్రభుత్వ మ్యాపుల్లో చుక్క కూడా లేని పల్లెలు ఎన్నో ఉన్నాయి. వర్షాకాలంలో మలేరియా వస్తే మందులు తీసుకెళ్ళేవాళ్ళకి ఆ పల్లె ఎక్కడుందో తెలియదు. కాన్పు కష్టమైతే జీపు ఎక్కడికి రావాలో డ్రైవరుకి తెలియదు. అందుకని పల్లెపల్లెకీ వెళ్ళి, అక్కడివాళ్ళతోనే మ్యాపు గీయించి, ఆ మ్యాపుని అందరికీ ఇచ్చేయడం మా పని. ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు, తప్పుంటే దిద్దొచ్చు. డబ్బు అడగకూడదు, దాచకూడదు.

చెప్పడానికి ఇంత సులువుగా ఉంది. చేరిన కొత్తలో నాకూ ఇంతే సులువనిపించింది. విశాఖపట్నంలో జాగ్రఫీ ఎమ్మే చేసి, తొంభైల చివర్లో ఒక గొడుగు, ఒక జత కాన్వాస్ బూట్లతో బస్సెక్కాను. ఆ బూట్లు మొదటి వానకే అడుగూడిపోయాయి. మీరు రబ్బరు చెప్పులే కొనుక్కోండి.

విశ్వనాథం గారు

నా మొదటి బాస్ విశ్వనాథం గారు. సర్వే ఉద్యోగంలో ముప్పై ఏళ్ళు కొలత గొలుసు లాగి, రిటైరయ్యాక మా సంస్థలో చేరారు. కోపిష్టి. మ్యాపు మీద టీ కప్పు పెట్టినవాడితో వారం రోజులు మాట్లాడేవారు కాదు. నాకు పని నేర్పింది ఆయనే. "నడవని దారిని గీయకమ్మా. గీస్తే అది అబద్ధం, అంతే" అనేవారు. నేను గీసిన ప్రతి గీతనీ వేలితో పట్టుకుని "ఇది నడిచావా? ఎండలోనా, వానలోనా?" అని అడిగేవారు.

ఇంత మంచి గురువు కూడా ఒక ప్రశ్న అడగలేదు. ఎవరి భుజం మీద ఏముండగా నడిచావు, అని. ఆయన అడగలేదు కాబట్టి నాకూ తట్టలేదు.

మొదటి మ్యాపు

కొండిపుట్టు అనే పల్లె, పాతిక గడపలు. కింద తారు రోడ్డు, పైన పల్లె, మధ్యలో కొండ. నేను వెళ్ళిన రోజు ఊళ్ళో మగవాళ్ళు పన్నెండుమంది చెట్టు నీడన చేరారు. చార్టు పరిచి అడిగాను: "ఇక్కణ్ణించి రోడ్డుకి దగ్గర దారి ఏది?"

అందరూ ఒకేసారి చెప్పారు. చింతల మలుపు దగ్గర రోడ్డెక్కే దారి. "ఎంత దూరం?" అంటే "రెండు సుట్టల దూరం" అన్నారు. రెండు చుట్టలు కాల్చేలోపు దిగిపోవచ్చన్నమాట. నేను నడిచాను, ఎండలోనూ నడిచాను, వానలోనూ నడిచాను. గంట పావు. గీత గీశాను.

ఆడవాళ్ళు వెనక చోళ్ళు, అంటే రాగులు, దంచుతున్నారు. వాళ్ళనీ కలుపుకోవాలని శిక్షణలో చెప్పారు కదా, చార్టు ఎత్తి చూపించి "ఇది సరిగ్గా ఉందా?" అని అడిగాను. అందరిలోకీ పెద్దది వంతల బుద్రి, ఆ చుట్టుపక్కల నాలుగు పల్లెలకీ మంత్రసాని. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగుతోంది. చుట్ట తీసి చార్టు చూసి, "బాగుందమ్మా, ముగ్గులాగుంది" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. 'మహిళల ఆమోదం పొందబడినది' అని రిపోర్టులో రాశాను.

ఆ మాట రాసిన చెయ్యి ఇదే. మీరు అలాంటి వాక్యం రాయబోయే ముందు పెన్ను ఒకసారి కింద పెట్టండి.

మ్యాపు మూడు నకళ్ళు తీశాం. ఒకటి మా ఆఫీసులో, ఒకటి జీపులో, ఒకటి పెదబయలులో సత్యం గారి కొట్టు గోడ మీద. సత్యం గారిది బొబ్బిలి వైపు. పాతికేళ్ళ కిందట వచ్చి కొట్టు పెట్టుకున్న సావుకారు. ఆ రోజుల్లో కొండవాళ్ళు వచ్చి నిలబడి ఫోను చేయించుకోగలిగిన చోటు అదొక్కటే. సంత రోజున జనం ఉప్పు కొనడానికి వచ్చి, మ్యాపులో తమ ఊరు వెతుక్కునేవారు.

చింతల మలుపు దగ్గర

ఆ వానాకాలమే కొండిపుట్టులో కిల్లో సొన్నికి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు, పంతొమ్మిదేళ్ళ పిల్ల. బిడ్డ అడ్డం తిరిగిందని బుద్రికి చేత్తో పట్టి చూడగానే తెలిసింది. నా వల్ల కాదు, ఆస్పత్రికి మోయమంది. సంతకి దిగుతున్న ఒకతను ముందుగా వచ్చి సత్యం గారి కొట్లో కబురు చెప్పి, తన దారిన తను పోయాడు: "కొండిపుట్టు నుంచి డోలీ దిగుతంది. జీపు పంపండి." మా ఆఫీసుకి ఫోను చేసే ముందు ఏ దారిన అని సత్యం గారు అడగలేదు. అడగడమెందుకు, మ్యాపు గోడ మీదే ఉంది.

నేనూ డ్రైవరు అప్పన్నా తొమ్మిదికల్లా చింతల మలుపుకి చేరాం. మ్యాపు నా ఒళ్ళోనే ఉంది. పదైంది. పదిన్నరైంది. కొండ మీదనుంచి ఎవరూ దిగలేదు.

అప్పుడు నేనన్న మాట దాచను. "వీళ్ళకి టైమంటే లెక్కే లేదు అప్పన్నా" అన్నాను.

అప్పన్న నాకేసి చూశాడు. "నొప్పులతోటి ఉన్న గుంటని మోసుకొచ్చీవోల్లు ఆలీసం సేత్తారేటమ్మా? ఇంకేటో అయ్యుంటది" అన్నాడు.

పదకొండుకి ఇక ఉండలేక పైకి ఎక్కడం మొదలెట్టాను. దారి పొడుగునా ఎవరూ ఎదురు రాలేదు. ఊరు చేరితే ఊళ్ళో ఒక ముసలాయన ఒక్కడే బుట్ట అల్లుకుంటున్నాడు.

"తాతా, సొన్ని ఏదీ?"

"ఇంకా సీకటుండగానే ఎల్పోనారు గదా."

"నేనిప్పుడే ఆ దారినే వచ్చాను. ఎవరూ లేరు!"

ఆయన అల్లడం ఆపి నన్ను చూశాడు, చిన్నపిల్లని చూసినట్టు. "ఈ దారిలో జాకరమ్మ రాళ్ళున్నాయి గదమ్మా. నొప్పులతోటి ఉన్నదాన్ని అమ్మ ముందరనుంచి మోసుకెల్తారేటి? డోలీ ఎప్పుడూ రాతిగెడ్డ మీదనుంచే ఎల్తది."

జాకరమ్మ వాళ్ళ నేలతల్లి. ఆ రాళ్ళ పక్కనుంచి నేను పదిసార్లు నడిచాను. చెప్పులు విప్పి నడిచాను కూడా. మగవాళ్ళు సంతకి వెళ్ళే దారి అది. పురిటి మనిషిది కాదు. రాతిగెడ్డ వాగు వైపు దిగితే మూడింతల దూరం, మలుపు దాటి ఆరు కిలోమీటర్లు అవతల రోడ్డెక్కుతారు. గెడ్డ ఉన్నట్టు మ్యాపులో గీశాను. దాని మీద దారి మాత్రం గీయలేదు.

ఎలా దిగానో నాకు గుర్తులేదు. జీపు సగం దూరం వెళ్ళేసరికి సొన్ని మొగుడు గాసి రోడ్డు మీద పరుగెత్తుతూ ఎదురొచ్చాడు. వెనక ఎక్కి కూర్చున్నాడు.

గెడ్డ దగ్గర యూరియా సంచుల పట్టా కింద బుద్రి ఉంది. రెండు గంటలుగా అక్కడే ఉన్నారు. బిడ్డ పుట్టేశాడు, బుద్రి ఎలా తిప్పిందో దేవుడికి తెలియాలి. పాత చీర ముక్కలో ఏడుస్తున్నాడు. సొన్ని ఏడవడం లేదు, మాట్లాడడం లేదు. వెదురు కర్రకి కట్టిన దుప్పటి కిందంతా ఎర్రగా ఉంది.

బతికింది. అది నా వల్ల కాదు. ఆస్పత్రిలో ఇరవై రోజులుంది. గర్భసంచి తీసేయాల్సి వచ్చింది. ఇంకో గంట ముందొస్తే ఆ అవసరం ఉండేది కాదేమోనని డాక్టరమ్మ నాతో మెల్లగా అంది. నన్ను తప్పుపట్టాలని కాదు, నేనడిగాను కాబట్టి చెప్పింది.

ఇప్పుడు పాప నా పక్కన నిద్రలో పెదాలు చప్పరిస్తోంటే, ఆ గంట నాకు ఇంకోలా అర్థమవుతోంది. అప్పుడు ఇంతగా అర్థం కాలేదు.

కళ్ళంలో

ఉద్యోగం మానేస్తానని కాగితం రాసి విశ్వనాథం గారికిచ్చాను. ఆయన చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టారు. "తప్పు మ్యాపు ఇంకా గోడ మీదే ఉంది. దాన్ని ఎవరు దిద్దుతారు?"

అందుకని మళ్ళీ కొండిపుట్టు వెళ్ళాను. ఎవరైనా తిడితే బాగుండుననిపించింది. బుద్రి తిట్టింది కూడా, కానీ నేను అనుకున్నట్టు కాదు.

"ముగ్గులాగుందన్నాను గదా. ముగ్గుని సూసి బాగుందంటారు గానీ, ముగ్గులో ఎవులైనా నడుత్తారేటి?"

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా, బుద్రమ్మా?"

"నువ్వడిగినావేటి? రోడ్డుకి దగ్గిర దారేదని మగోల్లని అడిగినావు. ఆల్లు సెప్పినారు. అబద్ధం సెప్పినారేటి? మమ్మల్నేటడిగినావు? బాగుందా అన్నావు. బాగుందన్నాం."

అందరూ నిజమే చెప్పారు. ప్రశ్నే తప్పు.

ఈసారి చార్టు తీయలేదు. వారం ఆగి, ఆడవాళ్ళకి వీలున్న రోజున కళ్ళంలో కూర్చున్నాం. బూడిదతో కొండ గీశారు. చోళ్ళు పోస్తే ఇళ్ళు. వలిసె గింజలు పోస్తే నీళ్ళు. చింతపిక్కలు పెడితే దారి. "నొప్పులొస్తే ఎటు తీసుకెళ్తారు? జొరం పిల్లని ఎత్తుకుని ఎటు? ముసలామెని ఎటు?" అని అడిగాను. ఒక్కొక్క ప్రశ్నకీ ఒక్కొక్క దారి వచ్చింది. నేను గీసిన ఒక్క గీత ఉన్నచోట నాలుగు వరసల చింతపిక్కలు పడ్డాయి.

డోలీ దారి దగ్గర వాదన మొదలైంది. డోలీని ఎక్కడెక్కడ దించి భుజం మార్చుకుంటారు? ఆ చోట్లు తెలిస్తే ఎంతసేపు పడుతుందో తెలుస్తుంది. ఆరు చోట్లంది ఒకామె. కాదు, ఎనిమిదంది ఇంకొకామె. మోసే మగవాళ్ళని పిలిస్తే వాళ్ళలో వాళ్ళకే పొంతన కుదరలేదు.

"పదకొండు" అంది గోడకి ఆనుకుని కూర్చున్న సొన్ని. ఆస్పత్రి నుంచి వచ్చాక అదే మొదటిసారి బయటికొచ్చి కూర్చోవడం. బిడ్డ ఒళ్ళో ఉన్నాడు.

"నీకేటి తెలుసే, కళ్ళు మూసుకుని ఉంటివి" అన్నాడు గాసి.

"మీరు కింద సూస్కుంటా నడిసినారు. నాను పడుకుని పైకి సూస్కుంటా ఉన్నాను. దింపినప్పుడల్లా లెక్కెట్టినాను. లెక్క తప్పితే సచ్చిపోతానేమోనని బయమేసింది. పదకొండు."

ఒళ్ళోంచి బిడ్డని బుద్రికిచ్చి, మెల్లగా లేచి వచ్చి, చింతపిక్కల పక్కన పదకొండు చోట్ల పదకొండు రాళ్ళు పెట్టింది. ఒక్కో చోటు పైన ఏం కనిపిస్తుందో చెప్పింది: ఇక్కడ పనస కొమ్మ, ఇక్కడ కొండ అంచు, ఇక్కడ ఏమీ లేదు, ఉత్త మబ్బు. మర్నాడు అందరం నడిచి చూశాం. ఒక్కటీ తప్పలేదు.

పదేళ్ళలో నేను చూసిన సర్వేల్లో అంత కచ్చితమైనది ఇంకోటి లేదు.

ఖాళీ చోటు

గుడ్డ మీద వేసిన కొత్త మ్యాపులో రెండు దారులు గీశాం, మామూలు దారి, డోలీ దారి. జాకరమ్మ రాళ్ళు మాత్రం పెట్టొద్దన్నారు ఆడవాళ్ళు. "ఈ మేపు అందరూ సూత్తారన్నావు గదా. అమ్మ కాడికి అందరూ ఎందుకు?" అంది బుద్రి.

విశ్వనాథం గారు ఒప్పుకోలేదు. "ఉన్నది వదిలేస్తే అది మ్యాపెలా అవుతుంది?" అని వాదించారు. వచ్చి చూడండి అన్నాను. అరవై దాటిన మనిషి, వచ్చారు. డోలీ దారి అంతా నడిచారు. సొన్ని చెప్పిన నాలుగో చోట గాసిని ఆపి, వెంట తెప్పించిన ఖాళీ డోలీలో బియ్యం బస్తా పెట్టించి, ఒక కొస తన భుజానికెత్తుకున్నారు. నలభై అడుగులు వేశారేమో. దించి, అక్కడే బండ మీద కూర్చున్నారు.

"ముప్పై ఏళ్ళు గొలుసు లాగానమ్మా. దీని కింద ఎప్పుడూ భుజం పెట్టలేదు" అన్నారు.

ఆ ఖాళీ చోటు గురించి మళ్ళీ అడగలేదు. కానీ ఒక్క విషయంలో ఆయనతో చివరిదాకా నాకు పడలేదు. అసలు మ్యాపు బీరువాలో తాళం వేసి ఉండాలని ఆయన పట్టు. "ఎవరు పడితే వాళ్ళు తుడిపేస్తే ఎలా?" అనేవారు. నిజం చెప్పాలంటే మొదట్లో నాకూ అదే భయం. నేను నడిచి గీసిన గీతని ఇంకెవరో తుడిపేస్తారంటే ప్రాణం ఉసూరుమనేది. గుడ్డ మీద రంగులతో వేసిన మ్యాపు ఊళ్ళోనే ఉండాలని సొన్ని పట్టుబట్టకపోతే, అది ఈపాటికి చెదలు తినేది.

ఊళ్ళో మ్యాపు పిల్లలు పాడుచేస్తారని విశ్వనాథం గారంటే, సొన్ని ఇలా అంది: "పాడైతే మళ్ళీ గీస్తాం బాబూ. మీ బీరువాలో ఉంటే పాడవదు గానీ, ఊరు మారిపోద్ది."

సొన్ని

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు మేమిద్దరం కలిసే తిరిగాం. ఆమె ఐదు దాకానే చదివింది. ఇటు డుంబ్రిగుడ దాకా, అటు జి.మాడుగుల దాకా వెళ్ళేవాళ్ళం. నేను యంత్రం పట్టుకునేదాన్ని. చిన్న టార్చిలైటంత ఉండే జీపీఎస్ వచ్చింది ఆ రోజుల్లో. సొన్ని ఊళ్ళోకి వెళ్ళగానే మొదట ఒకటే అడిగేది: "ఈ ఊళ్ళో ఈమజ్జిన డోలీలో ఎవులెల్లినారు?" ఆ మనిషి ఇంటికే ముందు వెళ్ళేవాళ్ళం. వాళ్ళు బతికి ఉంటే వాళ్ళతో, లేకపోతే మోసినవాళ్ళతో మాట్లాడేవాళ్ళం. మిగతా మ్యాపంతా ఆ తర్వాతే.

నేను శిక్షణ తరగతుల్లో నేర్చుకున్నదంతా ఒకవైపు, ఈ ఒక్క ప్రశ్న ఒకవైపు.

చివర్లో కంప్యూటరు చదువుకున్న కుర్రాళ్ళు వచ్చి, ఎవరైనా చేర్చగలిగే ప్రపంచ మ్యాపులో మన దారులు కూడా ఎక్కించారు. తెర మీద కొండిపుట్టు చూపిస్తే సొన్ని దగ్గరికొచ్చి వేలితో డోలీ దారి తడిమి, "నా రాళ్ళు ఏవీ?" అంది. పదకొండూ పెట్టించేదాకా ఆ కుర్రాళ్ళని కుర్చీలోంచి లేవనివ్వలేదు.

నాకు ఐదో నెల వచ్చాక నా చోటు సొన్నికివ్వాలని ఆఫీసులో చెప్పాను. డిగ్రీ కావాలన్నారు. రిపోర్టు ఎవరు రాస్తారన్నారు. అప్పటికి విశ్వనాథం గారు కళ్ళు సరిగా ఆనక ఇంటిదగ్గరే ఉంటున్నారు. ఆయన చేత ఉత్తరం రాయించుకొచ్చాను. అందులో రెండే వాక్యాలు: "రిపోర్టు రాయగలవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారు. పడుకుని దారి కొలిచిన సర్వేయరుని నేను ఒక్కరినే చూశాను." ఇచ్చారు. ఆ కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలూ మీరే కాబట్టి, మీ పైన ఉండేది సొన్నే. ఆమె మిమ్మల్ని మీరు అంటుంది, మేడమ్ అంటుంది. ఆ మాటకి మోసపోయి మీరే పెద్దవాళ్ళనుకోకండి.

మొన్న సొన్ని ఫోను చేసింది. సత్యం గారి కొట్టు నుంచి, వాన చప్పుడులో.

"అమ్మా, రాతిగెడ్డ కాడ రోడ్డు కొట్టుకుపోనాది. జీపు ఆడికి రాదు. మీ గీత తుడిపీసినాను. కోపం రాదు గదా?"

పాపకి ఆ రోజు ఒళ్ళు వెచ్చగా ఉంది, ఫోను ఎత్తగానే ఆ మాటే చెప్పాను. నా మనసంతా అటే. అయినా ఆ మాట వినగానే లోపల చివుక్కుమంది, అబద్ధమాడను. ఆ గీత కోసం ఎన్నిసార్లు నడిచానో. కొంచెం పెద్దరికం కూడా చేశాను: "ఎవరిని అడిగి తుడిపావు?"

"బుద్రమ్మని అడిగినాను. మోసీవోల్లని అడిగినాను. మొన్న మంగళారం డోలీలో ఎల్లిన గుంటని అడిగినాను. పైనున్న గట్టు మీదనుంచి ఎల్లినారంట. తొమ్మిది సార్లు దింపినారంట. ఆ గుంటే సెప్పింది."

నన్ను అడగలేదు. అడగాల్సిన పనే లేదు.

"జీపు?" అన్నాను.

"ఏ దారో కూడా సెప్పి ముందే కబురెట్టినారంట. ఆల్లు దిగీసరికే వచ్చీసి ఉందంట" అంది సొన్ని. "పాపకి ఒల్లెలాగుంది? తడిగుడ్డేసినావా? బయపడిపోకు."